ఆమె దేవుడు నా దేవుడు కాదు, కానీ ఆమె తలుపు గడియ చప్పుడుకే నేను లేస్తున్నాను

సూదీదారం | సోమవారం రాత్రి 11:52

ఈ వేదికలో ఇంతకుముందు కుట్టుపని గురించి తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ వేరే సంగతి అడగాలి. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడికొచ్చాను.

మాది ఒంగోలు. మా ఆయనకి 46. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో మిషన్ ఆపరేటర్‌గా చేసేవారు. రెండు కిడ్నీలూ పోయాయి. పదకొండు నెలలుగా డయాలిసిస్. మంగళ, గురు, శనివారాలు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు. మాది తెల్లవారే మొదటి షిఫ్టు. నేను నాలుగున్నరకి లేస్తే తప్ప వంట చేసి, ఆయన్ని తయారుచేసి, ఆటో పట్టుకోలేం.

మా ఎదురు పోర్షన్‌లో ఒక మామ్మగారు ఉంటారు. 79 ఏళ్ళు. ఒంటరి మనిషి. భర్త ఎప్పుడో పోయాడు, కొడుకు లారీ యాక్సిడెంట్‌లో పోయాడు, కూతురు చీరాలలో ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళేదట. ఇప్పటికీ ఏ ఆకు చేతికిచ్చినా వేళ్ళతో తడిమి చూస్తుంది, కరివేపాకైనా సరే. అక్షరాలు ముప్పై ఏళ్ళ వయసులో నేర్చుకుంది, బైబిలు చదవడానికి. అది తప్ప వేరే పుస్తకం చదివినట్టు నాకు తెలీదు.

ఆమె రోజూ నాలుగున్నరకి లేచి ప్రార్థన చేసుకుంటుంది. ముందు తలుపు గడియ తీస్తుంది. ఇనప గడియ, తుప్పు పట్టింది, వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ చప్పుడుకే నాకు మెలకువ. తర్వాత చిన్న గొంతుతో మొదలుపెడుతుంది. దాన్ని ప్రార్థన అనాలో ఏమనాలో, బళ్ళో హాజరు పిలిచినట్టుంటుంది. మా వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒక్కో ఇంటి పేరూ చెప్పి, ఆ ఇంట్లో వాళ్ళకేం కావాలో చెబుతుంది. రేషన్ డీలరు, పాలబ్బాయి, మమ్మల్ని తీసుకెళ్ళే ఆటో డ్రైవరు కూడా ఉంటారు. మా ఇల్లు వచ్చేసరికి, 'ప్రభువా, ఈ అబ్బాయికి ఇవాల్టి రోజు దాటించు' అంటుంది. అంతే. నయం చెయ్యమని నేను ఒక్కరోజూ వినలేదు. ఇవాళ దాటించు, అంతవరకే.

మేం ఆటో ఎక్కేటప్పుడు టార్చి లైటు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. కాలవ మీద బండ విరిగింది, ఆయన కాలు తడబడుతుందని.

నేను క్రిస్టియన్‌ని కాదు. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం, సాయంత్రం దీపం. ఆమె ఒక్కసారి కూడా నన్ను చర్చికి రమ్మనలేదు. కొడుకు పోయినప్పుడు ఎలా తట్టుకున్నావు మామ్మా అని అడిగితే, 'తట్టుకోలేదమ్మాయ్. పొద్దున్నే లేచాను. మళ్ళీ పొద్దున్నే లేచాను' అంది.

నెల కిందట బాత్‌రూమ్‌లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కూతురు చీరాల తీసుకెళ్ళిపోయింది. ఇప్పుడు నాలుగున్నరకి గడియ చప్పుడు లేదు. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. మోగుతుంది, లేస్తాను, కానీ మంచం అంచున కూర్చుని కదల్లేకపోతున్నాను. పదకొండు నెలలు నేను నా బలంతో నడిచాననుకున్నాను. ఆమె లేకపోయాక తెలిసింది, ఎవరి బలంతో నడిచానో.

నా ప్రశ్న ఇది. కూతురు మొన్న ఫోన్ చేసింది. మామ్మకి కళ్ళు బాగా మసకబారాయట, పెద్దక్షరాల బైబిలు కూడా కనబడటం లేదట. పొద్దున్నే ఫోన్‌లో బైబిల్లోని 23వ కీర్తన చదివి వినిపించమని మామ్మ నన్ను అడుగుతోందట. కూతురు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతుంది, మనవలకి తెలుగు చదవడం రాదు. నాకు చదవడం వచ్చు. కానీ నేను నమ్మని మాటలు ఆమెకి నా నోటితో చదివితే అది అబద్ధం అవుతుందా? ఇన్నాళ్ళు ఆమె విశ్వాసాన్ని ఊతకర్రలా వాడుకున్నాను, నాది కాకపోయినా. అది తప్పా?

రేపు మంగళవారం. నాలుగున్నరకి లేవాలి. జవాబులు రేపు చూస్తాను.

రాత్రి_డ్యూటీ | మంగళవారం తెల్లవారుజాము 3:10

నేను స్టాఫ్ నర్సుని. పదహారేళ్ళుగా చేస్తున్నాను, అందులో ఆరేళ్ళు డయాలిసిస్ యూనిట్‌లో. మీ పోస్టు డ్యూటీలోనే చదివాను.

ముందు నా వైపు మాట. పేషెంట్‌ని చూసేవాళ్ళు కూలిపోవడం మేం చాలా చూశాం. దాదాపు ఏడాది అయ్యేసరికి మొదట్లో వచ్చిన చుట్టాలు రావడం తగ్గిపోతుంది. అప్పుడే అసలు బరువు. మీరు మంచం అంచున కూర్చుండిపోతున్నారంటే అది నిద్ర చాలకపోవడం కూడా. వారంలో ఒక రోజైనా వేరే ఎవరన్నా ఆయనతో వెళ్ళేలా చూడండి. అన్నదమ్ములు లేరా?

ఇంక చదవడం సంగతి. ఐసీయూలో నేను అడిగినవాళ్ళకి అడిగింది చదివి వినిపించాను. హనుమాన్ చాలీసా చదివాను, ఖురాన్ ఆయత్ ఫోన్‌లో పెట్టి చెవి దగ్గర ఉంచాను, బైబిలు చదివాను. వినేవాళ్ళకి కావలసింది గొంతు. మీ మామ్మగారు అడిగింది మీ గొంతుని.

ఎదురుప్రశ్న | మంగళవారం ఉదయం 7:25

నేను వేరే మాట చెబుతాను, బాధపడకండి.

మా నాన్నకి షుగర్. ఒక ప్రార్థన గుంపువాళ్ళు ఇంటికొచ్చి, నూనె రాసి, విశ్వాసం ఉంటే ఇన్సులిన్ ఎందుకన్నారు. నాన్న ఆపేశారు. నేను అప్పట్లో హైదరాబాద్‌లో ఉండేవాణ్ణి, నాకు తెలిసేసరికి ఆయన కోమాలో ఉన్నారు. ఆ తర్వాత లేవలేదు. ఆ గుంపువాళ్ళు అంత్యక్రియలకి వచ్చి పాటలు పాడారు. అప్పటినుంచి 'సాదాసీదా విశ్వాసం' అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మీ మామ్మగారు మంచావిడే కావచ్చు. కానీ మీకు దొరికిన బలం ఆవిడ మంచితనానిది. దాన్ని దేవుడి ఖాతాలో ఎందుకు వెయ్యాలి? టార్చి లైటు పట్టుకున్నది ఆవిడ చెయ్యి.

సూదీదారం | మంగళవారం మధ్యాహ్నం 2:40

ఇంటికొచ్చాం. ఇవాళ ఆయనకి బీపీ పడిపోయింది, గంట ముందే ఆపేశారు. ఇప్పుడు పడుకున్నారు.

ఎదురుప్రశ్న గారూ, మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. బాధపడలేదండీ. మీరు చెప్పకపోతే నాకు ఆ కోణం తెలిసేది కాదు.

మా మామ్మ మాత్రం ప్రార్థనకి ముందు అడిగే మొదటి మాట, 'మాత్ర వేసుకున్నాడా?' మొదట్లో ఒకరోజు కొబ్బరిబోండాం తెచ్చింది. కిడ్నీ పేషెంట్లకి అందులో పొటాషియం ప్రమాదం అని అక్కడి సిస్టర్ చెప్పిందని చెబితే, 'అయితే ఆ సిస్టర్ చెప్పిందే వాక్యం' అని బోండాం వెనక్కి పట్టుకుపోయింది. మళ్ళీ ఎప్పుడూ తేలేదు. రోజుకి లీటరు లోపే నీళ్ళు తాగాలని ఆయన దాహంతో అల్లాడుతుంటే, ఎవరినో అడిగి తెలుసుకొచ్చి, చిన్న చిన్న ఐసు ముక్కలు చేసి తెచ్చేది. ఆమెకి ఫ్రిజ్ లేదు. కిరాణా కొట్టువాళ్ళ ఫ్రిజ్‌లో గిన్నె పెట్టించేది.

మీరన్నది నిజమే, టార్చి పట్టుకున్నది ఆమె చెయ్యే. కానీ ఎందుకింత చేస్తావు మామ్మా అని నేనడిగితే ఆమె చెప్పిన జవాబు వేరు. అది చెప్పకుండా దాచేస్తే ఆమె గురించి సగమే చెప్పినట్టు అవుతుంది. 'నా దగ్గర ఏముందమ్మాయ్, ఆయన నాకోసం నిలబడ్డాడు, నేను మీ గుమ్మంలో నిలబడ్డా' అంది. నాకు ఆ వాక్యంలో మొదటి సగం అందదు. రెండో సగం మాత్రం రోజూ కళ్ళతో చూశాను.

పలకబలపం | మంగళవారం సాయంత్రం 6:15

గవర్నమెంట్ స్కూల్ టీచర్ని. దళిత క్రైస్తవ కుటుంబం. ఇద్దరూ 'సాదాసీదా' అన్నట్టే మాట్లాడుతున్నారు, ఆ మాట దగ్గర కాస్త ఆగండి.

మా అమ్మమ్మ కూడా అచ్చం మీ మామ్మగారే. ఒక్క పుస్తకం, తెల్లవారుజాము ప్రార్థన, చర్చికి తీసిపెట్టే పిడికెడు బియ్యం. బయటివాళ్ళు చూసి, పాపం అమాయకపు నమ్మకం అనేవాళ్ళు. దాని వెనక ఏముందో చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వర్తింపజేశారు, మాకు లేదు. ఆంధ్రాలో మేం బీసీ-సి. మా పేటలో చాలామంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే, కాగితం మీద మాత్రం హిందూ అని రాయించుకునేవాళ్ళు. వాళ్ళని తప్పుపట్టను, పిల్లల చదువులు. మా అమ్మమ్మ మాత్రం మా అమ్మ సర్టిఫికెట్ మీద క్రిస్టియన్ అనే రాయించింది. దానివల్ల స్కాలర్‌షిప్ పోయింది. సీటు పోయింది. 'నూతి దగ్గరికి రానివ్వని రోజుల్లో నన్ను బిడ్డా అన్నవాణ్ణి తెలీదనమంటారా?' అంది.

ఆమెకి సిద్ధాంతం తెలీదు. ఏం పోగొట్టుకుంటోందో పూర్తిగా తెలుసు. అందుకని సాదా అనేముందు ఆలోచించండి అంటున్నాను. మాటలు తక్కువ, అంతే.

సూదీదారం గారూ, చదవండి. మా అమ్మమ్మకి మొదట అక్షరాలు నేర్పిన టీచరమ్మ బ్రాహ్మలావిడ. బైబిలు పెట్టే నేర్పింది, ఎందుకంటే ఇంట్లో ఉన్న పుస్తకం అదొక్కటే.

గుండ్లకమ్మ | మంగళవారం రాత్రి 9:30

ఒంగోలువాణ్ణే, రిటైర్డ్ లెక్చరర్ని. మీ మామ్మగారి కుటుంబం ఎప్పటినుంచి క్రైస్తవులో ఎప్పుడన్నా చెప్పారా? ఊరికే ఉత్సుకత కాదు, మీ ప్రశ్నకి సంబంధం ఉండొచ్చు.

సూదీదారం | మంగళవారం రాత్రి 9:48

చెప్పింది సార్. 'మా ముత్తాత కరువులో కాలవ తవ్వి బతికాడు, గుండ్లకమ్మ ఏట్లో మునిగి లేచాడు' అంటుంది. ఏ కాలవో నాకు తెలీదు.

గుండ్లకమ్మ | మంగళవారం రాత్రి 10:20

అనుకున్నాను.

అది బకింగ్‌హాం కాలవ. 1876-78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని పెద్ద కరువు పట్టింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు, మా పెద్దవాళ్ళు క్లౌ దొర అనేవాళ్ళు. ప్రభుత్వం కరువు పనికింద ఆ కాలవ తవ్విస్తుంటే మూడున్నర మైళ్ళ పని ఆయన కాంట్రాక్టుకి తీసుకున్నాడు. పస్తులున్నవాళ్ళకి కూలి దొరకాలని. వేలమంది వచ్చారు, ఎక్కువమంది మాదిగలు.

మీరు గమనించాల్సింది ఇక్కడ. ఆ కరువు పనులు సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. జనం అడుగుతున్నా ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వాళ్ళ మనసులోనూ ఆ అనుమానం మిగలకూడదని. సాయం ఆగిపోయాక, ఇంక ఇవ్వడానికి ఏమీ లేదన్నాకనే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో దిగారు.

మిషనరీలని విమర్శించేవాళ్ళున్నారు, వాళ్ళ వాదనలూ నేను చదివాను, క్లాసులో చెప్పాను కూడా. కానీ అన్నం వేరు, నమ్మకం వేరు అని ఒకదానికి రెండోది బేరం పెట్టకుండా చూసిన ఆ నిర్ణయం మీద నాకు గౌరవం ఉంది. మీ మామ్మగారు పదకొండు నెలలు మీకు అన్నీ చేసి, ఒక్కసారీ చర్చికి రమ్మనలేదన్నారే, అది చదివినప్పుడు నాకు ఆ ఏరు గుర్తొచ్చింది.

మంజీర_ఒడ్డు | బుధవారం ఉదయం 8:05

మాది మెదక్ దిక్కు. నేను కూడ క్రిస్టియన్ గాదు. నా సంగతి జెప్త.

నేను పదో తరగతిల ఉన్నప్పుడు మా నాయిన దుబాయి పోయి రెండేండ్లు పత్తా లేడు. అమ్మ బీడీలు జేసేది. మెదక్ చర్చి దగ్గర ఒక తాత ఊడ్సెటోడు. బడి ఇడిసినంక నేను ఆడికి పోయి మెట్ల మీద కూసుంటుంటి. ఆ తాతనే నాకు దోస్తు. డెబ్బై దాటినయి ఆయనకు.

ఆ చర్చిని సూడనీకె ఎక్కడెక్కడికెంచో వస్తరు, గోపురం 175 ఫీట్లు, రంగు అద్దాల మీద ఎండ పడితే కండ్లు చెదురుతయి. 1924 క్రిస్మస్ నాడు తెరిసిండ్రు. నేనొకసారి, తాతా ఎంత సక్కగుందో అంటే, 'సక్కదనం నాకు కండ్లబడదు బిడ్డా. మా నాయిన దీని రాళ్లు మోసిండు, ఆ కూలితోని కరువుల మా ఇంట్ల పొయ్యి ముట్టింది. నేను ఊడ్సేది అందుకే' అన్నడు. రోజు అదే జాగ, అదే చీపురు. మా నాయిన వస్తడని ఆయన నాకు ఎన్నడు జెప్పలే. 'రానీ రాకపోనీ, రేపు నువ్వు బడికి పో' అంటుండె.

నాయిన రాలే. నేను బడికి పోయిన. ఇప్పుడు ఆర్టీసీల పని జేస్తున్న.

అక్కా, ఆ తాత పోయినప్పుడు నేను పాడె మోసిన. పెట్టెనే అనుకోండ్రి. నీది ఏ మతం అని ఎవ్వరడగలే.

అయ్యగారబ్బాయి | బుధవారం మధ్యాహ్నం 1:15

పాస్టర్ గారి అబ్బాయిని, గుంటూరు జిల్లా. నేను సేవలో లేను, బ్యాంకు ఉద్యోగం.

సూదీదారం గారి అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది: నమ్మనివాళ్ళు చదివితే అబద్ధమా? నాకు తోచింది చెబుతాను.

కీర్తనల గ్రంథంలో 150 ఉన్నాయి. మాలో చాలామంది 23, 91, 121 మళ్ళీ మళ్ళీ చదువుతారు. 88వది ఎవరూ పెద్దగా తియ్యరు. మిగతా ఏడుపు కీర్తనలు చాలావాటిలో చివరికి ఎక్కడో వెలుగు కనబడుతుంది, స్తుతితో ముగుస్తాయి. 88లో అది లేదు. చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని గ్రంథంలోంచి తీసెయ్యలేదు. మా నాన్నగారు ఒకసారి చావు ఇంట్లో అదే చదివారు. కుర్రాడు, పెళ్ళై ఏడాది కూడా కాలేదు. సంఘపెద్దలు తర్వాత గొడవపడ్డారు, ఆదరణ వాక్యం చదవాల్సింది పోయి ఇదేంటని. ఆ కుర్రాడి భార్య మాత్రం నెల తర్వాత వచ్చి, ఆ రోజు నా మాట మాట్లాడింది అదొక్కటే అయ్యగారూ అంది.

ఎందుకు చెప్పానంటే, ఆ పుస్తకం చదవడానికి నమ్మకం నిండుగా ఉండాలన్న షరతు ఆ పుస్తకమే పెట్టలేదు. అందులోనే చాలామంది అడుగుతున్నది 'ఎంతకాలం', 'ఎందుకు' అనే. మీరు మీ అనుమానంతోనే చదవండి. మామ్మగారు మోసపోరు. మీరెవరో ఆవిడకి తెలుసు, తెలిసే అడిగారు.

ఎదురుప్రశ్న గారూ, ఇన్సులిన్ ఆపమన్నవాళ్ళ తరఫున క్షమాపణ చెప్పే అర్హత నాకు లేదు. కానీ అది విశ్వాసం కాదని మా నాన్నగారు బతికుంటే మీ ఇంటికొచ్చి చెప్పేవారు. మా సంఘంలో ఒకాయన అలాగే మందులు మానేస్తానంటే, ఆయనే స్కూటర్ మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

కువైట్‌లో_కడప | బుధవారం రాత్రి 11:40

నేను ఇక్కడ ఇంటి పనికి వచ్చి తొమ్మిదేండ్లయింది. మాకు సెలవు శుక్రవారం, ఆరాధన కూడా శుక్రవారమే. సెలవు ఇచ్చే ఇల్లయితే పోతాము, లేకుంటే లేదు. నాకు మొదటి రెండేండ్లు ఇయ్యలేదు. పక్కింట్లో పనిచేసే పెద్దామె, గోదావరి జిల్లా ఆమె, అరవై దాటినాయి, చెత్త పారేసే దగ్గర కలిసేది. రెండు నిమిషాలు. నా చెయ్యి పట్టుకుని, నీ బిడ్డ పేరేమి అని అడిగేది రోజూ. నేను చెప్తే, సరే, పోయి పడుకో అనేది. రెండేండ్లు అదే ప్రశ్న. పేరు ఆమెకి తెలీక కాదు. నాతో పలికించాలని.

ఆమె ఊరికి పోయి నాలుగేండ్లు. నేనిప్పుడు కొత్తగా వచ్చిన పిల్లల్ని అట్లే అడుగుతాను. చదవండమ్మా మీరు.

రాత్రి_డ్యూటీ | గురువారం రాత్రి 8:00

సూదీదారం గారూ, ఇవాళ డయాలిసిస్ రోజు కదా. ఎలా జరిగింది? మొన్న బీపీ పడిపోయిందన్నారు. బీపీ మాత్ర డయాలిసిస్‌కి ముందు వెయ్యాలా తర్వాతా అన్నది మీ డాక్టర్ని ఒకసారి గట్టిగా అడగండి, మీరుగా మార్చకండి. ఫిస్టులా (డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, రక్తం తియ్యనివ్వకండి. కొత్త సిస్టర్లుంటే మీరే గుర్తుచెయ్యండి.

సూదీదారం | ఆదివారం మధ్యాహ్నం 3:20

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. అందరివీ రెండేసి సార్లు చదివాను. మా ఆయనకి కూడా చదివి వినిపించాను. మంజీర గారి తాత సంగతి విని ఆయన అటు తిరిగి పడుకున్నారు. కాసేపటికి, ఆ అబ్బాయి ఆర్టీసీలో ఏ డిపో అని అడిగారు.

గురువారం మా ఆడపడుచు కొడుకుని ఆయనతో పంపి, నేను చీరాల వెళ్ళాను. ఫోన్‌లో కాదు, మొదటిసారి ఎదురుగా చదవాలనిపించింది. బస్సులో వెళ్ళేటప్పుడు దారిపొడుగునా భయమే.

వెళ్ళేముందు ఒక పని ఉండి మామ్మ పోర్షన్ తాళం తీశాను. కూతురు బట్టలు తెమ్మంది. వంటగదిలో బియ్యం డబ్బా పక్కన రెండు మట్టి ముంతలు. పిడికెడు బియ్యం సంగతి పలకబలపం గారు రాశారు కదా, నాకూ తెలుసు. అన్నానికి ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది, ఆదివారం చర్చిలో ఇస్తుంది. కానీ ముంత ఒకటే అనుకున్నాను. రెండోదాని మీద సుద్దతో మా ఆయన పేరు రాసి ఉంది. సగం నిండి ఉంది.

ఆమెది రేషన్ బియ్యం. వచ్చేది ఒక్క మనిషికి. అందులోంచి పూటకి రెండు పిడికెళ్ళు. ఈ ఏడాది ఆమె చిక్కిపోతుంటే ముసలితనం అనుకున్నాను. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

చీరాలలో మంచం మీద చిన్నపిల్లలా ఉంది. నా గొంతు విని, 'అబ్బాయికి ఐసు ముక్కలు ఎవరు పెడుతున్నారు?' అంది మొదట. ముంత గురించి నిలదీశాను, తిండి తగ్గించుకుని ఇదేం పని అని. కోపంగానే అడిగాను. 'తినడానికి పళ్ళున్నాయా నాకు, పిడికెడు తగ్గితే తెలుస్తుందా' అని తేల్చేసింది. తర్వాత, 'చర్చిలో ఇచ్చాను అమ్మాయ్, పారబొయ్యలేదు. ఆ బియ్యం పక్క వీధి కుష్ఠు ముసలాయనకి వెళ్తుంది. మీ ఆయన పేరు మీద ఒకడు అన్నం తింటున్నాడు' అంది.

చదివాను. పాత తెలుగు, నాకు నోరు తిరగలేదు. మొదటి వాక్యంలోనే 'నాకు లేమి కలుగదు' అని ఉంది. అక్కడ ఆగిపోయాను. రేషన్ బియ్యంలో రెండు పిడికెళ్ళు తీసిన మనిషి ముందు ఆ మాట చదవాలంటే గొంతు రాలేదు. ఆమె కళ్ళు మూసుకునే, 'ఊఁ' అంది. మళ్ళీ మొదలుపెట్టాను. ఏడుపు ఆపుకోవాలని గబగబా చదివేస్తున్నాను. గాఢాంధకారపు లోయ అన్న దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

'మెల్లగా చదువు. లోయలో పరిగెత్తకూడదు, పడతావు' అంది.

అప్పుడు నిదానంగా చదివాను. నేను నమ్మి చదివానా అని అడిగితే చెప్పలేను. ఆ నిమిషంలో ఆ ప్రశ్న గుర్తు రాలేదు. మా ఆయన కాలవ బండ మీద కాలు వేస్తున్నట్టు, ఆమె టార్చి పట్టుకున్నట్టు అనిపించింది, నిజం చెబుతున్నాను.

వచ్చేముందు, నువ్వు తిరిగి వచ్చేదాకా ఆ రెండు ముంతల్లో పిడికెడు నేను వేస్తాను మామ్మా అన్నాను. వద్దంది. 'నా పిడికెడు ఇక్కడ కూతురింట్లో పెడుతున్నా. నువ్వు నీ ఇంట్లో నీ దీపం పెట్టుకో. నాకోసం నువ్వు వేరే మనిషివి కానక్కర్లేదు' అంది. కాసేపాగి, 'గడియకి నూనె మాత్రం వెయ్యకు' అంది. నాకు మొదట అర్థం కాలేదు. ఆ చప్పుడుకి నేను లేస్తున్నానని ఆమెకి తెలుసు. తుప్పు వదిలించమని ఇంటివాళ్ళు ఎన్నోసార్లు చెప్పినా అందుకే ఊరుకుందట.

పలకబలపం | ఆదివారం సాయంత్రం 5:05

ఆ గడియ సంగతి చదివి, లేచి కాసేపు బయట నడిచి వచ్చాను. ఇంకేమీ రాయలేను ఇప్పుడు.

గుండ్లకమ్మ | ఆదివారం రాత్రి 7:50

అమ్మా, తెల్లవారుజామున ఆటో దొరక్కపోయినా, చీరాల వెళ్ళాల్సి వచ్చినా ఈ వేదికలో నాకు విడిగా సందేశం పెట్టండి. మా ఇంట్లో కారు ఊరికే పడి ఉంటుంది. నేను నాలుగింటికే లేస్తాను.

ఎదురుప్రశ్న | ఆదివారం రాత్రి 10:35

నాలుగు రోజులుగా ఈ చర్చ చదువుతూనే ఉన్నాను, రాయలేదు. దేవుడి విషయంలో నా మాట మారలేదు. మా నాన్న విషయంలో నా కోపమూ పోలేదు, పోవాలని కూడా అనుకోవడం లేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. టార్చి పట్టుకున్నది ఆవిడ చెయ్యి అని తేలిగ్గా రాశాను. ఆ చెయ్యి రోజూ ఎక్కణ్ణుంచి లేస్తోందో నేనడగలేదు.

నేనిప్పుడు ఒంగోలులోనే ఉంటున్నాను, ఉద్యోగం ఇక్కడికి మారింది. నాకు శనివారం సెలవు. మీకు అభ్యంతరం లేకపోతే శనివారాలు నేనూ మా ఆవిడా వచ్చి మీ ఆయన దగ్గర కూర్చుంటాం. మీరు ఆ నాలుగు గంటలూ పడుకోండి. లేదా చీరాల వెళ్ళి చదవండి.

సూదీదారం | ఆదివారం రాత్రి 11:15

మా ఆయన్ని అడిగాను. రమ్మన్నారు. చెస్ ఆడటం వచ్చా అని అడగమన్నారు, ఫిస్టులా చెయ్యి కదపకూడదు కాబట్టి ఆయన పావులు కూడా మీరే జరపాలట.

శనివారం ఉదయం ఐదున్నరకి మా గుమ్మంలో ఉంటాం. కాలవ మీద బండ విరిగింది, చూసుకుని రండి. టార్చి నేను పట్టుకుంటాను.